గుండె మాత్రలు పడటం లేదా? ఏ బాధ ఏ మాత్రదో తేల్చుకోకుండా ఏదీ ఆపకండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. నాన్నగారికి 61 ఏళ్లు. నాలుగు నెలల కిందట గుండెపోటు వచ్చి ఒక స్టెంట్ వేశారు. పొద్దున పరగడుపున పాంటోప్రజోల్ 40, టిఫిన్ తర్వాత ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్), మెటోప్రొలాల్ 50, టికాగ్రెలార్ 90. రాత్రి మళ్లీ టికాగ్రెలార్ 90, రామిప్రిల్ 5, అటోర్వాస్టాటిన్ 40. రెండు నెలలుగా పొడి దగ్గు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, తొడల నొప్పులు, అప్పుడప్పుడు ఊపిరి చాలనట్టు ఉండటం. "ఈ మందులే నన్ను పీల్చేస్తున్నాయి" అంటూ వారం నుంచి రాత్రి మాత్రలన్నీ మానేశారు. ఏం చేయాలని అడిగారు.

మిగతాది చదివేముందు ఒక పని చేయండి. రాత్రి మానేసిన మూడింట్లో టికాగ్రెలార్ ఉంది. అది స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా కాపాడే మాత్ర. ఒక డోసు ప్రభావం పన్నెండు గంటల తర్వాత తగ్గుతూ వస్తుంది, అందుకే రోజుకు రెండుసార్లు ఇస్తారు. పొద్దునది వేసుకుంటున్నారు కదా అని ధైర్యపడొద్దు, రాత్రంతా కాపలా పలచబడుతోంది. ఈరోజే గుండె డాక్టరుకు ఫోన్ చేసి వారంగా రాత్రి డోసులు పోయాయని చెప్పండి. ఫోన్‌లో దొరక్కపోతే, ఎక్కడా రక్తస్రావం, నల్లటి విరేచనం లేకపోతే, ఈ రాత్రి నుంచి టికాగ్రెలార్ ఒక్క మాత్ర మామూలుగా వేయండి. పోయిన డోసులకు బదులని రెండు కలిపి వేయకూడదు. కొలెస్ట్రాల్‌కు ఇచ్చే అటోర్వాస్టాటిన్, బీపీకి ఇచ్చే రామిప్రిల్ సంగతి వేరు. ఆ రెండూ డాక్టరు చెప్పేదాకా ఒకటి రెండు రోజులు ఆగినా ప్రమాదం లేదు, పైగా ఆయన చెప్పిన ఇబ్బందుల్లో మూడు ఆ రెండింటి మీదికే వెళ్తాయి.

స్టెంట్ మాత్రల విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. స్టెంట్ అంటే లోహపు జాలీ. రక్తనాళం లోపలి పొర దాని మీదికి పాకి కప్పేసేవరకు రక్తంలోని ప్లేట్‌లెట్లకు అది పరాయి వస్తువే, అతుక్కోవాలని చూస్తాయి. అందుకే గుండెపోటుకు స్టెంట్ వేసినవాళ్లకు ఆస్పిరిన్‌తో పాటు టికాగ్రెలార్ లాంటి రెండో మాత్ర మామూలుగా 12 నెలలు ఇస్తారు. మధ్యలో సొంతంగా ఆపితే స్టెంట్ ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. అది ముందస్తు సంకేతాలేమీ లేకుండానే రావచ్చు. ఈ రెండు మాత్రలనూ పన్ను పీకించుకోవడానికైనా, కంటి ఆపరేషన్‌కైనా గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. పళ్ల డాక్టరు ఆపమన్నా సరే, ఇద్దరూ మాట్లాడుకున్నాకే. చాలావరకు పన్ను ఈ మాత్రలు నడుస్తుండగానే తీస్తారు, రక్తం ఆగడానికి అక్కడికక్కడే కుట్టు, దూది ఒత్తిడి సరిపోతాయి.

108కి ఫోన్ చేయాల్సినవి ఏవో ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీ పట్టేసినట్టు నొప్పి, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి. స్పృహ తప్పడం. పెదాలు, నాలుక, గొంతు వాయడం. తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనం, లేదా రక్తపు వాంతి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం. పడుకోలేనంత ఆయాసం. ఇవి మాత్రల ఇబ్బందా కాదా అని ఇంట్లో చర్చించే విషయాలు కావు.

జేబులో పెట్టుకోమని సార్బిట్రేట్ 5 ఇచ్చి ఉంటే అది వాడే పద్ధతి సరిగ్గా నేర్చుకోండి, ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఛాతీ నొప్పి వస్తే ముందు కూర్చోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కింద పడతారు. మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. అంబులెన్స్ వచ్చేలోగా ఐదేసి నిమిషాల ఎడంతో ఇంకో రెండు వేయవచ్చు, మొత్తం మూడు దాటకూడదు. అప్పటికే కళ్లు బైర్లు కమ్ముతుంటే, పై బీపీ 90 లోపు ఉంటే ఇంకోటి వేయొద్దు. ఒక మాట అడగడానికి అందరూ సిగ్గుపడతారు కానీ ప్రాణాల మీదికి వచ్చేది అదే: అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ వేసుకుని ఉంటే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్ వాడకూడదు. బీపీ ప్రాణాపాయంగా పడిపోవచ్చు. కొడుకుగా అడగలేకపోతే డాక్టరు చేత అడిగించండి.

ఇక అసలు విషయానికి వద్దాం. "మందులు పడటం లేదు" అనేది ఒక ఫిర్యాదులా వినిపిస్తుంది గానీ అందులో నాలుగు వేర్వేరు బాధలు ఉన్నాయి, వాటి వెనక నాలుగు వేర్వేరు మాత్రలు ఉండొచ్చు. ప్రతి బాధకూ ఒక మార్పిడి ఉంది. కట్టగట్టి మానేస్తే ఏది ఎవరిదో ఎప్పటికీ తెలియదు. కాబట్టి మొదట అన్ని స్ట్రిప్పులూ బల్ల మీద పరచండి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, ఎంజీ చదివి కాగితం మీద రాయండి. దీనివల్ల రెండు తప్పులు బయటపడతాయి. ఒకటి, ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు వేసుకోవడం. ఆసుపత్రిలో ఒక బ్రాండ్ ఇస్తారు, ఊళ్లో షాపులో అది లేక వేరే బ్రాండ్ ఇస్తారు, పాతది కూడా అయ్యేదాకా నడుస్తూ ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. కొన్ని క్యాప్సూల్స్‌లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఎకోస్ప్రిన్ ఏవీ అంటే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కలిపినది. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో ఆ రెంటితో పాటు, టికాగ్రెలార్ లాగే స్టెంట్‌ను కాపాడే క్లోపిడోగ్రెల్ కూడా ఉంటుంది. కాళ్ల నొప్పులకు కొలెస్ట్రాల్ బిళ్ల మానేశాననుకుని అలాంటి క్యాప్సూల్ మానేసినవారు, తెలియకుండానే స్టెంట్‌కు ఉన్న కాపలా మొత్తం తీసేసినట్టు.

దగ్గు. ఇది దాదాపుగా రామిప్రిల్ పనే. బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని శరీరం ఒక ఎంజైముతో ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంది. రామిప్రిల్ బీపీ తగ్గించడానికి ఆపేది సరిగ్గా ఆ ఎంజైమునే. దాంతో బ్రాడికైనిన్ శ్వాసనాళాల్లో పేరుకుని గొంతులో గీరుతున్నట్టు, ఈక పెట్టి తిప్పినట్టు దగ్గు తెప్పిస్తుంది. కఫం రాదు, జ్వరం ఉండదు, రాత్రి ఎక్కువ. మొదలుపెట్టిన వారానికీ రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. డోసు సగం చేసినా సాధారణంగా పోదు. దగ్గు సిరప్‌లు ఎన్ని సీసాలు తాగినా పోదు. డాక్టరు చేసే మార్పు సులువు: రామిప్రిల్ తీసేసి టెల్మిసార్టాన్, లోసార్టాన్, వాల్సార్టాన్ లాంటిది ఇస్తారు. గుండెకు అదే రకం రక్షణ, బ్రాడికైనిన్ గొడవ లేదు. మార్చిన తర్వాత ఓపిక పట్టాలి. దగ్గు తగ్గడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు, కొందరికి మూడు నెలల దాకా పడుతుంది. మూడో రోజే "ఇంకా దగ్గుతున్నాను, కాబట్టి ఆ మాత్ర వల్ల కాదు" అని తీర్పు చెప్పేయకండి. మార్చాక ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసేది), పొటాషియం పరీక్ష అడగండి. చీటీ మీద "రామిప్రిల్ వల్ల దగ్గు" అని రాయించుకోండి, ఎందుకంటే ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఎనలాప్రిల్, పెరిండోప్రిల్ రాస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. పేరు చివర "ప్రిల్" ఉన్నవన్నీ ఒకటే కుటుంబం. దగ్గు కాకుండా పెదాలో నాలుకో ఒక్కసారి వాచినా ఆ కుటుంబంలో ఏ మందూ జీవితంలో వేయకూడదు.

ఈ దగ్గుకు ఇంట్లో అందరూ చెప్పే మందు అతిమధురం. నమిలితే గొంతుకు హాయిగానే ఉంటుంది. కానీ రోజూ వాడితే అది ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచి బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. గుండె రోగికి అది వద్దే వద్దు. గోరువెచ్చని నీళ్లు, చెంచాడు తేనె చాలు, షుగర్ ఉంటే తేనె కూడా లేకుండా.

అయితే దగ్గులన్నీ రామిప్రిల్ మీదికి తోసేయకూడదు. పడుకోగానే దగ్గు, ఆయాసం మొదలై లేచి కూర్చుంటే తగ్గుతున్నా, ఇంకో దిండు కావాల్సి వస్తున్నా, పాదాలు వాస్తున్నా, మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగినా అది గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న దగ్గు. అదే రోజు చూపించాలి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, ఒకే తరహా బట్టలతో బరువు చూసి క్యాలెండర్ మీద రాయడం అలవాటు చేయండి, ఈ తేడా తూకమే ముందు పట్టిస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుతో కఫం, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కఫం పరీక్ష చేయించి టీబీ లేదని తేల్చుకోవాలి.

కళ్లు తిరగడం. "బీపీ చూపించాం, బాగానే ఉందన్నారు" అని చాలామంది అంటారు. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే బాగానే ఉంటుంది, పడిపోయేది నిలబడినప్పుడు. ఇంట్లో ఇలా చూడండి. మణికట్టుకు పెట్టే మిషన్ కాకుండా భుజం కింద చేతికి పట్టీ చుట్టేది వాడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి. పట్టీ ఉన్న చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, వేలాడదీస్తే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. పక్కన ఒకరు పట్టుకుని నిలబడండి. నిలబడ్డాక పై సంఖ్య 20 లేదా కింది సంఖ్య 10 తగ్గితే సమస్య దొరికినట్టే. ఇలా మూడు రోజులు, మాత్రలకు ముందు ఒకసారి, వేసుకున్న రెండు మూడు గంటలకు ఒకసారి రాసి డాక్టరుకు చూపిస్తే ఆయనకు పని చాలా సులువవుతుంది. ఏ మాత్ర ఏ పూటకు జరపాలో, ఏది సగం చేయాలో ఆ అంకెలే చెబుతాయి. పై బీపీ 90 లోపు ఉండి కళ్లు తిరుగుతుంటే వారం ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి.

ఈ వయసు మగవాళ్లలో ఇంకో దొంగ ఉంటాడు. మూత్రం సరిగా రావడం లేదని ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, సిలోడోసిన్. అవి కూడా నిలబడితే బీపీ దించేవే. వేరే డాక్టరు వేరే చీటీ మీద రాస్తారు కాబట్టి గుండె డాక్టరుకు ఆ సంగతే తెలియదు. పడుకోబోయే ముందు రామిప్రిల్, టామ్సులోసిన్ రెండూ పడి, రాత్రి రెండింటికి మూత్రానికి లేస్తే బాత్రూమ్‌లో పడిపోవడం జరగొచ్చు. ఇప్పుడున్న రక్తం పలచబరిచే మాత్రలతో తలకు దెబ్బ తగిలితే చాలా ప్రమాదం. పడి తల కొట్టుకుంటే బయటికి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్లి తల స్కాన్ సంగతి అడగాలి.

అందాకా మంచం దిగే పద్ధతి మార్చండి. పక్కకు తిరిగి, లేచి కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. అప్పుడు పట్టుకుని లేవాలి. రాత్రి మూత్రానికి కూర్చునే వెళ్లాలి. మరీ వేడినీళ్ల స్నానం మానాలి. షుగర్ ఉంటే కళ్లు తిరిగినప్పుడు షుగర్ కూడా చూడాలి. మెటోప్రొలాల్ వాడేవాళ్లకు షుగర్ పడిపోయినా గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే గుర్తుగా మిగులుతుంది.

నాడి కూడా లెక్కపెట్టండి. బొటనవేలి మొదట్లో మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిండుగా 60 సెకన్లు. మెటోప్రొలాల్ మీద నిమిషానికి 55, 60 ఉంటే కంగారు పడొద్దు, ఆ మాత్ర ఇచ్చిందే నాడి తగ్గించి గుండెకు విశ్రాంతి ఇవ్వడానికి. 50 కంటే తగ్గి నీరసం, కళ్లు తిరగడం ఉంటే ఫోన్ చేయాలి. 40 లోపు అయినా, సొమ్మసిల్లినా ఆసుపత్రికే. చేతులు చల్లబడటం, మెట్లెక్కితే త్వరగా అలసట, కలత కలలు ఈ మాత్రవే, ఆరు వారాల్లో చాలామందికి సర్దుకుంటాయి. సర్దుకోకపోతే డోసు తగ్గిస్తారు. దీన్ని మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. నెలల తరబడి మాత్ర అణచి పెట్టడంతో శరీరం అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలను పెంచుకుని కూర్చుంటుంది. మాత్ర హఠాత్తుగా పోతే ఆ దెబ్బ అంతా గుండె మీద పడి నాడి పరుగెడుతుంది, ఛాతీ నొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. ఆపాల్సి వస్తే డాక్టరు వారం రెండు వారాల్లో మెట్టు మెట్టుగా దించుతారు. పెళ్లికో తిరుపతికో వెళ్లేటప్పుడు ఇంకో నాలుగు రోజుల మాత్రలు ఎక్కువే పెట్టుకోండి. ఎక్స్ఎల్ అని ఉన్న మెటోప్రొలాల్‌ను గీత ఉంటే గీత దగ్గర విరవవచ్చు, నమలడం, పొడి చేయడం కుదరదు, రోజంతా రావాల్సిన మందు ఒకేసారి దిగుతుంది.

ఊపిరి చాలనట్టు ఉండటం. టికాగ్రెలార్‌కు ఇది బాగా తెలిసిన లక్షణం. 2009లో వచ్చిన ప్లేటో అనే పెద్ద పరిశోధనలో టికాగ్రెలార్ వాడినవారిలో నూటికి దాదాపు 14 మందికి, క్లోపిడోగ్రెల్ వాడినవారిలో నూటికి దాదాపు 8 మందికి ఆయాసం కనిపించింది. మాత్ర వల్ల వచ్చేది ఇలా ఉంటుంది: ఊరికే కూర్చున్నప్పుడు కూడా గాలి నిండుగా అందనట్టు, పెద్దగా నిట్టూరిస్తే గానీ తృప్తి లేనట్టు. పిల్లికూతలు ఉండవు, పడుకుంటే ఎక్కువ కాదు, ఎక్కువమందికి మొదటి రోజుల్లోనే మొదలై కొన్నాళ్లకు తనంతట తగ్గుతుంది. నాన్నగారికి నాలుగో నెలలో ఉంది కాబట్టి మాత్ర మీద నెపం వేసేముందు ఈసీజీ, ఎకో, హిమోగ్లోబిన్ చూడాలి. కడుపులో కొద్దికొద్దిగా రక్తం పోతూ రక్తహీనత వచ్చినా ఇదే ఆయాసం వస్తుంది. అన్నీ బాగుండి ఇబ్బంది తట్టుకోలేనిదైతే డాక్టరు క్లోపిడోగ్రెల్‌కు మారుస్తారు. ఆ మార్పులో మొదటి డోసు పెద్దది ఇవ్వాల్సి ఉండొచ్చు, టికాగ్రెలార్ చివరి డోసు ఎప్పుడు వేశారన్నదీ లెక్కలోకి వస్తుంది. అందుకని ఇంట్లో ఎవరిదో మిగిలిన క్లోపిడోగ్రెల్ స్ట్రిప్పు తీసి మార్చేసుకోకూడదు. మారిన తర్వాత గ్యాస్ బిళ్లగా ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ వాడొద్దు, అవి క్లోపిడోగ్రెల్‌ను కాలేయంలో పనిచేసే రూపంలోకి మారనివ్వవు. ఇప్పుడున్న పాంటోప్రజోల్‌తో ఆ బెడద తక్కువ. టికాగ్రెలార్‌తో ఉన్నంతకాలం ఆస్పిరిన్ 75 లోనే ఉండాలి. 100 దాటితే టికాగ్రెలార్ పనితనం తగ్గుతుంది. షాపులో 75 లేదని 150 ఇస్తే తీసుకోకండి.

తొడల నొప్పులు. ఇక్కడ నిదానం కావాలి, ఎందుకంటే అటోర్వాస్టాటిన్ మీద పడే నిందల్లో చాలా వాటికి దానితో సంబంధం లేదు. 2020లో లండన్ వైద్యులు సామ్సన్ అనే పరిశోధన ప్రచురించారు. ఇబ్బందుల వల్ల స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ బిళ్ల) మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా ఇచ్చారు. ఏ నెల ఏ సీసా అసలుదో వాళ్లకు తెలియదు. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలో నూటికి 90 పాళ్లు ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ వచ్చాయి. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు. నొప్పి నిజమే, దానికి కారణం మందులోని రసాయనం కాకపోవచ్చు. ఫలితాలు చూశాక వాళ్లలో సగం మంది మళ్లీ మాత్ర మొదలుపెట్టారు.

నిజంగా మాత్ర వల్ల వచ్చే నొప్పి రెండు తొడలకూ, రెండు పిక్కలకూ సమానంగా, మందు మొదలుపెట్టిన, పెంచిన కొన్ని వారాల్లో వస్తుంది. ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, అదే రోజు చూపించాలి. కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే కాలి రక్తనాళాల్లో అడ్డు. కీళ్ల నొప్పి సాధారణంగా స్టాటిన్‌ది కాదు. సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), థైరాయిడ్ టీఎస్‌హెచ్, విటమిన్ డి పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తక్కువున్నా, డి తక్కువున్నా ఇవే నొప్పులు వస్తాయి, అవి సరిచేస్తే కొందరికి స్టాటిన్ పడొచ్చు. సీకే మామూలు గరిష్ఠానికి పది రెట్లు దాటితే డాక్టరు వెంటనే ఆపిస్తారు. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చి ఒళ్లంతా విపరీతమైన నొప్పులుంటే పరీక్షల కోసం చూడకుండా ఆ మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి, కండరం కరిగి కిడ్నీలను మూసేస్తున్న గుర్తు అది. అరుదు, కానీ తెలిసి ఉండాలి.

అంత లేకపోతే డాక్టరు దగ్గర దారులు చాలా ఉన్నాయి. రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడటం, తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టడం, రోసువాస్టాటిన్ 5 కో 10 కో మార్చడం, రోజు విడిచి రోజు వేయడం, కొలెస్ట్రాల్ తగ్గించే ఇంకో మందు ఎజెటిమైబ్ 10 జత చేయడం. గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 55 లోపు తేవాలన్నది లక్ష్యం కాబట్టి అసలేమీ లేకుండా వదిలేయడం మాత్రం దారి కాదు. రాత్రి మాత్రలు ఎక్కువయ్యాయనేది ఆయన విసుగైతే అటోర్వాస్టాటిన్‌ను పొద్దునకు మార్చుకోవచ్చు, అది ఏ పూట వేసినా ఒకటే.

స్టాటిన్ నొప్పి ఉన్నట్టుండి మొదలైతే, కొత్తగా ఏం చేరిందో చూడండి. తామరకు ఇచ్చే ఇట్రాకోనజోల్ అటోర్వాస్టాటిన్‌ను రక్తంలో పేరుకునేలా చేస్తుంది, టికాగ్రెలార్‌ను కూడా. గొంతు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు ఇచ్చే క్లారిత్రోమైసిన్ కూడా అంతే. చర్మం డాక్టరుకు గుండె మాత్రల కాగితం చూపించకుండా మందు తెచ్చుకోవద్దు. పండ్లలో పంపరపనసకు ఈ గుణం ఉండొచ్చు. బత్తాయికి, మామూలు కమలాలకు ఆ ఇబ్బంది లేదు.

కడుపు, రక్తం సంగతి. పాంటోప్రజోల్ టిఫిన్‌కు అరగంట ముందు వేస్తే బాగా పనిచేస్తుంది. చిన్న చిన్న కమిలిన మచ్చలు, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి కాస్త రక్తం, గడ్డం గీసుకుంటే ఆగకపోవడం ఈ మాత్రలతో మామూలే. మెత్తటి బ్రష్ వాడండి. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకూడదు, గొంతులోకి పోతుంది. ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు మధ్యలో వదలకుండా నొక్కి పట్టాలి. ఇరవై నిమిషాలకూ ఆగకపోతే ఆసుపత్రి. ఐరన్ బిళ్లలు వాడుతుంటే విరేచనం నల్లగానే వస్తుంది, కానీ తారులా జిగటగా, కంపుగా ఉండదు.

నొప్పులకు ఊళ్లో వేయించుకునే ఇంజెక్షన్ గురించి గట్టిగా చెప్పాలి. అది ఎక్కువగా డైక్లోఫెనాక్. గుండెపోటు వచ్చినవారికి అది మళ్లీ గుండెపోటు ముప్పు పెంచుతుంది, కడుపులో పుండు చేస్తుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది, రక్తం పలచబడి ఉంది కాబట్టి సూది గుచ్చినచోట లోపల రక్తం చేరి గడ్డ కడుతుంది. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనినే అడ్డుకుంటుంది. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ 500 లేదా 650, ఆరేసి గంటల ఎడంతో. జలుబు బిళ్లల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, బీపీ పెంచుతుంది. జలుబుకు ఆవిరి పట్టండి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. రామిప్రిల్ గానీ టెల్మిసార్టాన్ గానీ వాడేవారిలో పొటాషియం ముందే పైకి చూస్తుంటుంది. ఆ ఉప్పు వద్దు, రోజూ కొబ్బరిబోండాలూ వద్దు. మామూలు ఉప్పే తగ్గించండి, ఊరగాయ, అప్పడం ముందుగా.

నాన్నగారికి లేవు గానీ ఇంట్లో మరొకరికి ఉండొచ్చని రెండు ముక్కలు. ఛాతీ నొప్పి రాకుండా రోజూ వేసే నైట్రేట్ మాత్రలతో వచ్చే తలనొప్పి వారం రెండు వారాల్లో సాధారణంగా తగ్గుతుంది, పారాసిటమాల్ చాలు. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తే అది నీరు పట్టడం కాదు, మూత్రం బిళ్ల దానికి పనిచేయదు. సాయంత్రానికి ఎక్కువై తెల్లారేసరికి తగ్గే ఆ వాపుకు డోసు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు.

ఎండాకాలంలో, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు లెక్క మారుతుంది. ఒంట్లో నీరు తగ్గితే అదే రామిప్రిల్ డోసు బీపీని మరీ దించేస్తుంది, కిడ్నీ మీద భారం పడుతుంది. అలాంటి రోజు రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్, మూత్రం బిళ్ల, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ ఉంటే వాటిని ఒకటి రెండు రోజులు ఆపాలా అని ఫోన్ చేసి అడగండి. ఇది ముందే, ఒంట్లో బాగున్నప్పుడే అడిగి రాయించుకుంటే ఇంకా మంచిది. ఆస్పిరిన్, టికాగ్రెలార్ ఆ జాబితాలో లేవు, అవి నడవాల్సిందే. ఏకాదశి ఉపవాసమైనా సరే.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకే కాగితం తీసుకెళ్లండి. ఒక పక్క మందు పేరు, ఎంజీ, ఏ పూట. వారంగా ఏవి వేయలేదో దాచకుండా. ఇంకో పక్క ఒక్కో బాధ, ఎప్పుడు మొదలైంది, ఏ పూట ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతుంది. కింద మూడు రోజుల బీపీ పడుకుని, నిలబడి, నాడి, బరువు. ఒకేసారి నాలుగు మాత్రలు మార్చమని అడగొద్దు. రామిప్రిల్ మార్పు ముందు అడగండి, అది తేలిక, రాత్రి నిద్ర తిరిగొస్తుంది. నిద్ర పడితే నాన్నగారు మిగతా మాత్రల మీద కోపం సగం తగ్గించుకుంటారు. రెండు మూడు వారాల తర్వాత స్టాటిన్ సంగతి. ఊపిరి విషయానికి మాత్రం ఈసీజీ, హిమోగ్లోబిన్ మొదటి రోజే చేయించండి.